గురి తూటా వేరు, వేట తూటా వేరు

భిలాయి ఉక్కు కర్మాగారంలో రెండు రకాల ఉక్కు పక్కపక్కనే తయారవుతుంది. ఒకటి రైలు పట్టాలకు, మరొకటి ఇళ్ల కాంక్రీటులో వేసే కడ్డీలకు. పట్టా ఉక్కులో కార్బన్ సుమారు 0.6 నుంచి 0.8 శాతం ఉంటుంది. వేల టన్నుల బరువు రోజూ దొర్లినా అది అరగకూడదు, సాగకూడదు. కడ్డీలో కార్బన్ పావు శాతం చుట్టుపక్కలే ఉంటుంది. భూకంపం వస్తే అది వంగాలి గాని విరగకూడదు. రెండింటిలో ఏది మంచి ఉక్కు అని అడిగితే అక్కడి కార్మికుడు నవ్వుతాడు. దేనికి వాడతారో చెప్పకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదు.

తూటా విషయంలోనూ అంతే. లక్ష్యసాధనలో కాగితంపై గురి తప్పకుండా తగిలే తూటా జంతువుపై కాల్చడానికి పనికొస్తుందా అన్నది పైకి చిన్న సాంకేతిక ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ పంట పొలాల్లోకి వచ్చే అడవిపందులను చంపడానికి ప్రభుత్వాలే అనుమతులిస్తున్న ఈ రోజుల్లో ఆ ప్రశ్నకు జవాబు రైతుకూ, పక్క పొలంలో పనిచేసే కూలీకీ, అడవిలోని రాబందుకూ ముఖ్యమే.

చట్టం ఎక్కడ తలుపు తెరిచింది?

దేశంలో సరదా వేట ముగిసి అర్ధ శతాబ్దం దాటింది. అది ఎంత నష్టం చేసిందో ఛత్తీస్‌గఢ్‌కు బాగా తెలుసు. దేశంలో వేటలో నేలకూలిన చివరి చీతాలుగా నమోదైన మూడింటినీ 1947లో కాల్చింది అప్పటి కొరియా సంస్థానాధీశుడు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్. ఆ కొరియా నేడు ఛత్తీస్‌గఢ్‌లో ఒక జిల్లా. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. దొంగచాటు వేట నేరమే. అందుకు ఏ తూటా మంచిది అనే చర్చకు తావే లేదు.

అయితే అదే చట్టంలోని 11వ సెక్షన్ కొన్ని పరిస్థితులకు మినహాయింపు ఇచ్చింది. మనుషుల ప్రాణాలకు ప్రమాదంగా మారిన జంతువునో, పంటలను నాశనం చేస్తున్న కొన్ని జాతులనో చంపడానికి అధికారులు కారణాలు చూపి, రాతపూర్వకంగా అనుమతించవచ్చు. 62వ సెక్షన్ కింద కేంద్రం కొన్ని జంతువులను నిర్ణీత ప్రాంతంలో, నిర్ణీత కాలానికి హానికర జంతువులుగా ప్రకటించవచ్చు. బిహార్‌లో అలా ప్రకటించాకే 2016 జూన్‌లో మొకామా ప్రాంతంలో 200కు పైగా మనుబోతులను కాల్చి చంపారు. ఆ పనికి వెళ్లిన షూటర్లు హైదరాబాద్ వారు. 2022లో కేరళ అడవిపందుల విషయంలో అనుమతినిచ్చే అధికారాన్ని స్థానిక సంస్థల అధిపతులకు అప్పగించింది. తెలంగాణలోనూ పంటలపై పడే అడవిపందులను అనుమతితో కాల్చే విధానం ఉంది.

ఈ నిర్ణయాలపై చర్చ జరిగినప్పుడల్లా ఎవరు అనుమతించాలి, ఎవరు కాల్చాలి, అసలు చంపవచ్చా అనే ప్రశ్నలు వస్తాయి. అవి అవసరమైనవే. దేనితో కాల్చాలి అన్న ప్రశ్న మాత్రం అంతగా వినిపించదు. చంపాలని నిర్ణయం జరిగిపోయాక ఆ జంతువు క్షణాల్లో చనిపోతుందా, గాయంతో గంటల తరబడి నరకం చూస్తుందా అన్నది చాలావరకు ఈ ప్రశ్నపైనే ఆధారపడి ఉంటుంది.

తూటా లోపల ఏముంది?

సాధారణ రైఫిల్ తూటాకు లోపల సీసం, పైన రాగి మిశ్రమంతో చేసిన పలుచటి తొడుగు ఉంటాయి. సీసం బరువైనది, మెత్తనిది. తొడుగు లేకుండా వేగంగా పంపితే గొట్టం లోపలే అది కరుచుకుపోతుంది. ఆ తొడుగును ఎక్కడ మూశారు, ఎక్కడ వదిలారు అన్నదాన్ని బట్టి తూటా స్వభావం మారిపోతుంది.

మొన దగ్గర తొడుగు పూర్తిగా మూసి ఉంటే అది సైన్యం, పోలీసులు వాడే రకం. శరీరంలోకి వెళ్లినా ఆకారం పెద్దగా మారదు. చాలాసార్లు సన్నటి రంధ్రం చేసి అవతలికి దూసుకుపోతుంది. పోటీల్లో వాడే రకంలో తొడుగును వెనుక వైపు మూసి, మొన దగ్గర సూది బెజ్జమంత ఖాళీ వదులుతారు. ఆ ఖాళీ తూటా విచ్చుకోవడానికి ఉద్దేశించింది కాదు. తూటా అడుగు భాగం ఖచ్చితంగా, సమంగా రావడానికి అనుసరించే తయారీ పద్ధతి వల్ల అది మిగులుతుంది. గాలిలో ఊగకుండా, ప్రతిసారీ ఒకే దారిలో వెళ్లడమే ఆ తూటా పని. శరీరానికి తగిలాక ఏం చేస్తుందో ముందే చెప్పలేం. ఒకసారి విచ్చుకోకుండా దూరిపోతుంది, ఇంకోసారి పైపైనే ముక్కలై లోపలి అవయవాల దాకా చేరదు. ఇలాంటి మ్యాచ్‌కింగ్ తూటాలకు పేరున్న అమెరికా సంస్థ సియెర్రా సైతం వాటిని వేటకు సాధారణంగా సిఫారసు చేయదు.

వేట తూటాలో మొన దగ్గర సీసం బయటికి కనిపిస్తుంది, లేదా మొన బోలుగా ఉంటుంది. తగిలిన వెంటనే ఆ మొన వెనక్కి ముడుచుకుని పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. 8 మిల్లీమీటర్ల తూటా 16 మిల్లీమీటర్లకు విచ్చుకుంటే దాని ముందు భాగం వైశాల్యం నాలుగు రెట్లు అవుతుంది. అంత వెడల్పున గాయం చేస్తూ అది త్వరగా వేగం కోల్పోతుంది.

లెక్క వేసి చూస్తే తేడా తెలుస్తుంది. 10 గ్రాముల తూటా సెకనుకు 800 మీటర్ల వేగంతో తగిలితే దాని గతిజ శక్తి 3,200 జౌల్స్. విచ్చుకోకుండా దూసుకెళ్లి సెకనుకు 600 మీటర్ల వేగంతో అవతల బయటపడిందనుకుందాం. అప్పుడు దానిలో ఇంకా 1,800 జౌల్స్ మిగిలే ఉంటాయి. అంటే సగానికి పైగా శక్తి జంతువును దాటి, వెనుక ఉన్న చెట్టుకో, గట్టుకో, మనిషికో తగలడానికి సిద్ధంగా ఉంటుంది. అడవిపందిని కాల్చేది నట్టడవిలో కాదు, మొక్కజొన్న, వేరుశనగ చేల మధ్య. విచ్చుకునే తూటా కూడా ఒక్కోసారి అవతలికి వస్తుంది. అప్పటికి దాని శక్తిలో ఎక్కువ భాగం ఖర్చయిపోయి ఉంటుంది.

యుద్ధంలో నిషేధం, వేటలో నియమం

విచ్చుకునే తూటాల చరిత్రకు మన దేశంతో సంబంధం ఉంది. 1890ల్లో కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో బ్రిటిష్ సైన్యం కోసం మెత్తని మొన తూటాలు తయారు చేశారు. అవి చేసే గాయాల తీవ్రతపై వచ్చిన వ్యతిరేకతతో 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో అలాంటి తూటాలను నిషేధించింది. సైనిక తూటాల మొనలు నేటికీ మూసి ఉండటానికి ఒక కారణం అదే.

వేట విషయంలో చట్టాలు దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో ఉన్నాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1991 నాటి జింకల చట్టం ప్రకారం రైఫిల్‌తో జింకను కాల్చేవారు మెత్తని మొన లేదా బోలు మొన తూటానే వాడాలి. పైకి వింతగా ఉన్నా ఇందులో వైరుధ్యం లేదు. యుద్ధ నియమం గాయపడిన సైనికుడు చికిత్సతో బతకాలని కోరుకుంటుంది. గాయపడిన అడవిపందిని ఏ ఆసుపత్రికీ తీసుకెళ్లరు. అది పొదల్లోకి పారిపోయి, కుళ్లిన గాయంతో రోజుల తరబడి బాధపడి చస్తుంది. లేదంటే ఎదురుపడిన మనిషి మీద పడుతుంది. 1907లో జిమ్ కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులి నోట్లో కుడివైపు కోరలు విరిగి ఉన్నాయి. పాత తూటా గాయమే అందుకు కారణమని, సహజమైన వేట చేయలేకే అది మనుషులపై పడిందని ఆయన రాశారు. తప్పిన ఒక్క తూటాకు వందల మంది బలయ్యారు.

గురి సరిపోదా?

గురి తూటాను సమర్థించేవారు చెప్పే ప్రధాన కారణం ఖచ్చితత్వం. సరిగ్గా గుండెకు తగిలితే ఏ తూటా అయితేనేం అంటారు. ఇందులో కొంత నిజముంది. చోటు తప్పిన తూటాను ఏ డిజైనూ కాపాడలేదు. అయితే ఎంత ఖచ్చితత్వం కావాలో కొలిచి చూడాలి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. ఎదిగిన అడవిపందిలో గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగం సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్లు. 100 మీటర్ల దూరంలో మంచి గురి తూటాలన్నీ 2 సెంటీమీటర్ల వలయంలో పడితే, మామూలు వేట తూటాలు 5 సెంటీమీటర్లలో పడతాయనుకుందాం. రెండూ కావలసిన చోటే పడ్డాయి. ఆ 3 సెంటీమీటర్ల మెరుగుదల పోటీలో పతకం తెస్తుంది గాని పొలంలో దాని వల్ల ఒరిగేదేమీ లేదు. మగ పంది భుజంపై ఉండే మందపాటి కవచం లాంటి కణజాలాన్ని దాటాక తూటా ఎలా నడుచుకుంటుందన్నదే అక్కడ ముఖ్యం.

సీసమా, రాగా?

వేట తూటాను ఎంచుకున్నంత మాత్రాన సమస్య తీరదు. సీసపు తూటా విచ్చుకునేటప్పుడు చిన్నచిన్న ముక్కలుగా రాలుతుంది. కంటికి కనిపించని ఆ ముక్కలు గాయం చుట్టూ మాంసంలో చెదిరిపోతాయి. ఆ కళేబరాన్ని తిన్న రాబందు కడుపులోని బలమైన ఆమ్లం సీసాన్ని కరిగిస్తుంది. అమెరికాలో 1982 నాటికి 22 మాత్రమే మిగిలిన కాలిఫోర్నియా కాండర్ పక్షులను మళ్లీ అడవిలోకి వదిలాక, వాటి మరణాలకు ప్రధాన కారణంగా తేలింది ఈ సీసమే. అందుకే 2019 జులై నుంచి కాలిఫోర్నియా వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. 2024లో డెన్మార్క్ రైఫిల్ తూటాల్లోనూ సీసాన్ని ఆపేసింది.

మన రాబందులను నాశనం చేసింది సీసం కాదు, పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ మందు. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించే సరికే తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా తగ్గిపోయాయి. బీజాపూర్ జిల్లా ఇంద్రావతి అడవుల్లో, కొమురంభీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు కొండల్లో మిగిలినవి ఆ విపత్తు నుంచి బయటపడ్డ కొద్ది పక్షులే. వాటి ముందు ఇంకో విషం పెట్టడం తెలివైన పని కాదు. చంపిన పందిని పూడ్చిపెడతారు కదా అనవచ్చు. పూడ్చేది కళ్లెదుట పడిపోయిన పందిని. గాయంతో అడవిలోకి పారిపోయి చచ్చినదాన్ని పూడ్చేది ఎవరు? దాన్ని ముందు కనిపెట్టేది రాబందులే.

మరి ఉక్కుతో చేయలేమా? భిలాయి వాసికి ఈ సందేహం సహజం. గట్టి ఉక్కు విచ్చుకోదు, గొట్టాన్ని గీరుతుంది, రాయికి తగిలి పక్కకు ఎగురుతుంది. ఇక్కడ పనికొచ్చేది రాగి. పూర్తిగా రాగితో చేసిన బోలు మొన తూటా రేకుల్లా విచ్చుకుంటుంది గాని దాదాపు ముక్కలు కాదు. దీనికీ పరిమితులున్నాయి. ఘన సెంటీమీటరుకు సీసం 11.3 గ్రాములు తూగితే రాగి 9 గ్రాముల లోపే. అందువల్ల అదే బరువున్న రాగి తూటా పొడవుగా ఉంటుంది. ప్రతి రైఫిల్‌కూ అది నప్పదు. వేగం మరీ తగ్గితే సరిగా విచ్చుకోదు కాబట్టి దగ్గరి నుంచే కాల్చాలి. ధర ఎక్కువ, మన దేశంలో దొరకడం కష్టం. ఈ అభ్యంతరాలు నిజమే. అందుకే రేపటి నుంచే రాగి తప్పనిసరి అనడం ఆచరణలో కుదరదు. దేశీయంగా తయారుచేసే దిశగా అడుగు వేయాలి. అప్పటిదాకా సీసం ఉన్నా సరే, విచ్చుకునే తూటానే వాడాలి. గురి తూటాతో గాయపరిచి వదిలేయడం కన్నా అది నయం.

ఒక్క వాక్యం చాలు

అసలు చంపడమే తప్పయినప్పుడు మంచి తూటా గురించి మాట్లాడటం దాన్ని సమర్థించినట్టు కాదా అని జంతుప్రేమికులు అడగవచ్చు. సౌరవిద్యుత్ కంచెలు, పంట మార్పిడి, నష్టపరిహారం ముందు ప్రయత్నించాలన్న వారి మాట సరైనదే. కానీ అనుమతులు ఇప్పటికే జారీ అవుతున్నాయి. వాటి కింద తుపాకులు పేలుతున్నాయి. ఆ క్షణంలో జంతువు అనుభవించే బాధను తగ్గించడం వారి ఆశయానికి విరుద్ధం కాదు.

చట్టం ఎలాగూ రాతపూర్వక ఉత్తర్వు కోరుతోంది. ప్రతి ఉత్తర్వులోనూ ఇంకో వాక్యం చేరాలి: విచ్చుకునే వేట తూటానే వాడాలి, మొన మూసిన సైనిక తూటా గాని పోటీ తూటా గాని వాడరాదు. ఎంత దూరం లోపు కాల్చాలో, గాయపడి పారిపోయిన జంతువును వెతికే బాధ్యత ఎవరిదో కూడా అందులోనే ఉండాలి. పట్టాకు ఏ ఉక్కు వాడాలో రైల్వే కాగితం మీద స్పష్టంగా రాసి, పరీక్షించాకే తీసుకుంటుంది. ప్రాణం తీసే లోహానికి అంతకన్నా తక్కువ జాగ్రత్త సరిపోదు.