బెత్తం తీగ చెట్టెలా అయింది?

1927 నాటి భారత అటవీ చట్టం వెదురునూ, బెత్తాన్నీ ‘చెట్టు’ కింద జమకట్టింది. తొంభై ఏళ్లకు, 2017లో, కేంద్రం అందులోంచి వెదురును తీసేసింది. అడవి బయట వెదురు పెంచే రైతుకు కోతకూ రవాణాకూ పర్మిట్ల బెడద తప్పాలన్నారు. మంచిదే. మరి అదే వరుసలో ఉన్న బెత్తాన్ని ఎందుకు వదిలేశారు?

వెదురు గడ్డి జాతి, చెట్టు కాదన్నారు. బెత్తమేమో ముళ్లతో ఎగబాకే తీగ. పక్కన ఆసరా లేనిదే పైకి లేవలేదు. అది చెట్టా? నాటినవాడు కోతకు ఏళ్లు ఆగాలి. తీరా అమ్మేనాడు పర్మిట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలంటే ఎవరు నాటుతారు?

అడవి బెత్తం సంగతి మరీ అన్యాయం. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని పేరుపెట్టి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. సేకరించి అమ్ముకునే హక్కు గిరిజనులదీ, ఇతర సంప్రదాయ అటవీవాసులదీ అంది. రవాణా పర్మిట్ గ్రామసభ కమిటీ ఇవ్వాలని 2012 నిబంధనలు చెప్పాయి. ఒక చట్టం సొంతదారు అంటే, ఇంకో చట్టం దొంగలా చూస్తుంది. మధ్యలో బాగుపడేది దళారీ.

మన డిమాండ్లు రెండే. వెదురుకిచ్చిన మినహాయింపు బెత్తానికీ ఇవ్వాలి. అడవి బెత్తంపై పర్మిట్ అధికారం గ్రామసభల చేతికి రావాలి. అడిగితేనే వస్తాయి, అడుగుదాం!