తాళం వేసిన మందిరం గేటు, అయిదు రూపాయల ప్యాకెట్టు

పిల్లవాడు బొద్దుగా ఉంటే మన ఇళ్లల్లో ముద్దు. దిష్టి కూడా తీస్తారు (విశ్వాసులం కాబట్టి తీయకూడదు, అయినా తీస్తారు). అదే పిల్లవాడికి పన్నెండేళ్లు వచ్చాక డాక్టరు బరువు ఎక్కువన్నాడంటే, అందరూ తల్లి వైపు తిరిగి "నీ గారాబమే ఇంత చేసింది" అంటారు.

ఈ తీర్పును మేము ఒప్పుకోము.

కోలార్ బంగారు గనుల లైన్లకూ, ముంబయి మిల్లులకూ, చెన్నై పారిశుద్ధ్య పనికీ వచ్చిన మన తాతముత్తాతలు ఆకలి చూసినవాళ్లు. నిండుగా ఉన్న బిడ్డ వాళ్ల కళ్లకు పండుగ. అందులో తప్పేమీ లేదు. ఇప్పటి సంగతి వేరు. తల్లి తెల్లవారుజామున వీధులు ఊడ్చడానికి పోతుంది, తండ్రి రాత్రి డ్యూటీ. పిల్లవాడి చేతిలో పది రూపాయలు ఉంటాయి. ఆ డబ్బుకు అరటిపండ్లు ఒకటో రెండో వస్తాయి, రంగురంగుల చిప్స్ ప్యాకెట్లు రెండు వస్తాయి. ఇల్లు ఒక గది, సందు నిండా బండ్లు, ఆడుకోవడానికి జానెడు నేల లేదు. ఇందులో గారాబం ఎక్కడుంది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. అదే సర్వేలో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 35.5 శాతం. కడుపు నిండని దేశంలోనే ఊబకాయం కూడా పెరుగుతోంది. అక్క ఎండిపోయి, తమ్ముడు బరువెక్కి ఉన్న ఇళ్లు మన పేటల్లోనే ఉన్నాయి. ఇద్దరికీ దొరకనిది ఒకటే: పప్పు, గుడ్డు, కూర ఉన్న భోజనం.

ప్రభుత్వాన్ని అడగాల్సింది అడుగుదాం. బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన పెట్టింది. మీ బడి గేటు దగ్గర నిలబడి ఒకసారి చూడండి. తల్లిదండ్రుల సమావేశంలో మార్కులే కాదు, ఈ మాట కూడా ఎత్తండి.

అయితే మన చేతిలో ఉన్నదాని సంగతేమిటి? సండే స్కూల్లో వాక్యం కంఠతా చెప్పిన బిడ్డకు బహుమానం చాక్లెట్. వీబీఎస్ పది రోజులూ క్రీం బిస్కెట్లు, రస్నా. క్రిస్మస్‌కు కేకు, దాని మీద కూల్ డ్రింకు. 300 మిల్లీలీటర్ల కోలాలో దాదాపు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. పెద్దవాళ్లకే రోజుకు 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఉడికించిన శనగలు, వేరుశనగలు, మజ్జిగ, రాగి జావ: ఇవి కాంట్రాక్టరు తేవాల్సినవి కావు, మన స్త్రీల సమాజం ఒక గంటలో చేయగలిగినవి.

క్రిస్మస్ నాటకం సంగతి కూడా చెప్పాలి. లావుగా ఉన్న బాబుకు ఎప్పుడూ నవ్వించే వేషమే. వాడిని "బండోడా" అని పిలిచేది వీధిలోవాళ్లు మాత్రమే కాదు, మన యూత్ అన్నలు కూడా. ఆ పిలుపుకు సిగ్గుపడి వాడు ఆటలకు రావడమే మానేస్తాడు. అన్నలారా, ముందు ఆ పిలుపు మానండి.

ఇక మందిరం ఆవరణ. మన పేటల్లో చాలాచోట్ల మిగిలిన ఖాళీ స్థలం అదొక్కటే. ఆదివారం కార్లు, బైకులు నిలుపుతారు, మిగతా ఆరు రోజులు తాళం. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసే ఆట కావాలని చెబుతారు. సాయంత్రం రెండు గంటలు గేటు తెరవండి, ఆడపిల్లలకూ తెరవండి. కబడ్డీకి, తాడాటకు ఖర్చేముంది?

మా సంఘంలో ఈ మాట అడిగితే, బంతి తగిలి కిటికీ అద్దాలు పగిలితే ఎవరు కడతారని కమిటీ పెద్దలు అడిగారు. యూత్ వంతులవారీగా కాపలా ఉంటుందనీ, అద్దం పగిలితే మేమే వేయిస్తామనీ రాసి ఇచ్చాం. తాళంచెవి ఇంకా రాలేదు. వచ్చే నెల కమిటీకి పిల్లలను కూడా వెంటబెట్టుకుని పోతాం.