వాకిట్లో ఉప్పు

గుంటూరు నుంచి ఓ పాఠకురాలు ఉత్తరం రాశారు. వాళ్లబ్బాయి అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో ఇల్లు కొనుక్కున్నాడట. 'ఇంటి ముందు కారు వెళ్లే సిమెంటు దారి పెచ్చులూడిపోతోంది. పైన పల్చగా పూత వేస్తే చాలని ఒకరు, మొత్తం తవ్వి కొత్తగా పోయాలని ఇంకొకరు చెబుతున్నారు. పిల్లాడు ఎటూ తేల్చుకోలేకపోతున్నాడు. మీరు ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు కదా, ఏం చెయ్యమంటారు?' అని అడిగారు.

ఆ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఎందుకంటే సరిగ్గా అలాంటి వాకిట్లోనే నా ముప్పై ఏళ్ల ఇంజినీరుగిరీ బోర్లా పడింది. ఆ కథ చెబితే ఆవిడ ప్రశ్నకు జవాబు దానంతటదే వస్తుంది.

మా అమ్మాయి వాళ్లుండేది మిన్నియాపోలిస్ పక్కన. కొన్నేళ్ల కిందట మా ఆవిడా నేనూ అక్టోబరులో అక్కడికి వెళ్లాం, ఆర్నెల్లు ఉందామని. గ్యారేజీ నుంచి రోడ్డు దాకా పరిచిన కాంక్రీటు దారిని అక్కడ డ్రైవ్‌వే అంటారు. పాతికేళ్ల నాటి ఇల్లు కావడంతో పైపొర అక్కడక్కడా లేచిపోయి లోపలి కంకర పళ్లికిలిస్తోంది. గ్యారేజీ గుమ్మం దగ్గర ఒక పలక అంగుళం మేర దిగిపోయి మెట్టులా తయారైంది. వెళ్లిన మూడో రోజే మా ఆవిడ కాలికి ఆ అంచు తగిలి బోర్లా పడింది. మణికట్టు వాచింది. ఎముక విరగలేదు, అంతవరకూ నయం. కానీ మర్నాటి నుంచి ఆమె బయటికి రావడం మానేసింది.

అల్లుడు ఓ పనివాణ్ణి పిలిపించాడు. అతను అటూ ఇటూ నడిచి చూసి, 'ఇప్పుడు సీజను కాదు, మే నెల దాటాక చూద్దాం' అన్నాడు. అతను చెప్పిన ఖర్చును రూపాయల్లోకి మార్చుకుని గుండెల మీద చెయ్యి వేసుకున్నా.

'ఈ మాత్రం పనికి అంత డబ్బా? సామాను తెప్పించు బాబూ, రెండ్రోజుల్లో నేను చేసి పెడతా' అన్నాను.

'చలి వచ్చేస్తోందేమో మావయ్యగారూ...' అని నసిగాడు. పెద్దవాణ్ణి కాదనలేక ఊరుకున్నాడు.

దుకాణంలో పాలిమర్ కలిపిన సిమెంటు పూత సంచుల్లో దొరుకుతుంది. తెచ్చాం. చీపురుతో ఊడ్చి, నీళ్లు కొట్టి, ఈ చివర్నుంచి ఆ చివరికి నున్నగా పరిచేశా. పలకల మధ్య గీతలు అందం చెడగొడుతున్నాయని వాటినీ పూడ్చేశా. దిగిన పలక దగ్గర మందంగా పోసి వాలు చేశా. సాయంత్రం, మన అలవాటు ప్రకారం, తడి గుడ్డలు పరిచి నీళ్లు కూడా కట్టా. ఆ రాత్రి ఉష్ణోగ్రత సున్నా కిందికి పోయింది. నవంబరులో మంచు మొదలయ్యాక ఎవరూ జారిపడకూడదని బస్తాల కొద్దీ ఉప్పు కూడా చల్లాను.

మార్చి నెలాఖరుకి మంచు కరిగింది. ఓ తెల్లవారుజామున మెలకువ వచ్చి కిటికీలోంచి చూద్దును కదా, అల్లుడు చలికోటు వేసుకుని, చప్పుడు కాకుండా, లేచిపోయిన పూత పెంకుల్ని ఏరి బకెట్లో వేస్తున్నాడు. నేను లేచి చూసేలోగా తీసేయాలని! మధ్యాహ్నం మనవడు మిగిలిన ముక్కొకటి పట్టుకొచ్చి, 'తాతయ్యా, అప్పడంలా ఉంది చూడు' అన్నాడు. అల్లుడు ఒక్క మాటా అనలేదు. అన్నా ఇంత బాధ ఉండేది కాదు.

తప్పెక్కడ జరిగిందో వెదకడం మొదలెట్టా. నేను తెలుసుకున్నది మీకూ చెబుతాను.

కాంక్రీటు చూడ్డానికి రాయిలా ఉన్నా, లోపల కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోకి నీరు దిగుతుంది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఫ్రీజర్లో మరిచిపోయిన గాజుసీసా పగలడం మీరు చూసే ఉంటారు. ఇదీ అంతే. అసలు ప్రమాదం గడ్డకట్టే చలి ఒక్కటే కాదు. పగలు కరిగి, రాత్రి గడ్డకట్టి, మళ్లీ కరిగి... ఇలా సున్నా డిగ్రీలకు అటూ ఇటూ ఊగిసలాడే రోజులే కాంక్రీటుకు చేటు. ఒక్కో ఊపుకీ పైపొర కాస్త కాస్త వదులవుతుంది. ఉప్పు మంచును కరిగిస్తుంది, నిజమే. కానీ అది తేమను పట్టి ఉంచుతుంది, ఆ ఊపుల్నీ పెంచుతుంది. మనం చల్లకపోయినా హైవే మీద చల్లిన ఉప్పునీళ్లు కారు కిందినుంచి వాకిట్లోనే కారతాయి. పైగా మామూలు ఉప్పు సున్నాకి 9, 10 డిగ్రీలు కిందికి దిగితే పెద్దగా పని చెయ్యదు. అంతకంటే చల్లని రోజున చల్లింది దండగే.

మరి అక్కడ కాంక్రీటు నిలిచేదెలా? గాలితో! 'ఎయిర్ ఎంట్రెయిన్డ్' కాంక్రీటు అంటారు. ఒక రసాయనం కలిపి, అతి చిన్న గాలిబుడగలు కాంక్రీటు అంతటా సమంగా ఉండేలా చేస్తారు. మొత్తంలో సుమారు 6 శాతం గాలి. నీరు ఉబ్బినప్పుడు ఒత్తిడి ఆ బుడగల్లోకి పోతుంది. 1930ల చివర్లో అమెరికాలో రోడ్లు వేసేవాళ్లకు ఈ సంగతి తెలిసివచ్చింది. నేనేమో ఉద్యోగమంతా, వైబ్రేటర్ పెట్టి గాలి బయటికి పోగొట్టమని మేస్త్రీలను తిట్టినవాణ్ణి. అది పెద్ద పెద్ద గాలి ఖాళీల సంగతి, ఇది వేరు. మన ఐ.ఎస్. 456 పుస్తకంలోనూ గడ్డకట్టే ప్రాంతాలకు ఈ గాలి మాట ఉంది. మన ఎండల్లో అవసరం పడక నేనే ఆ పేరా దాటేశాను.

ఇక నా తప్పులు లెక్కపెట్టండి. కింద డొల్లగా ఉన్న పాత పొరను తీయకుండా దాని మీదే పూత వేయడం ఒకటి. పాత పొర ఊడితే కొత్తదీ దాంతోపాటే పోతుంది కదా! గీతలు పూడ్చడం రెండు. కాంక్రీటు కుంచించుకున్నప్పుడు అక్కడే చీలాలని పెట్టిన దారులవి. గడ్డకట్టే రాత్రి ముందు పని చేసి, పైగా నీళ్లు కట్టడం మూడు. మొదటి చలికాలంలోనే ఉప్పు చల్లడం నాలుగు. పలక ఎందుకు దిగిందో ఆలోచించకపోవడం అయిదు.

ఆ అయిదో తప్పు గురించి ఇంకాస్త చెప్పాలి. చూరు మీది వాననీళ్లు గొట్టంలోంచి సరిగ్గా గ్యారేజీ మూలకే పడుతున్నాయి. పునాది పక్కన పూడ్చిన మట్టి కుంగింది, దాంతో పలకా కుంగింది. ఆ ప్రాంతంలో నేల ఎంత లోతుకు గడ్డకడుతుందంటే, ఇంటి పునాదులు కనీసం 42 అంగుళాలు దిగాలని నిబంధన ఉంది. వాకిలేమో నాలుగంగుళాల పలక, నేల మీద తేలుతున్నట్టే లెక్క. కింద నీరు చేరితే గడ్డకట్టినప్పుడు లేస్తుంది, కరిగాక కుంగుతుంది. నీటికి దారి చూపకుండా పైన ఎన్ని పూతలు వేసినా బూడిదలో పోసిన పన్నీరే.

రెండేళ్ల తర్వాత జూన్‌లో మళ్లీ వెళ్లాం. ఈసారి నేను మేస్త్రీగా కాదు, చిన్న కూలీగా చేశా. ముందు చూరు నీళ్ల గొట్టాన్ని దూరానికి పొడిగించాం. తర్వాత సుత్తితో పలకలన్నీ తట్టి చూశాం. గట్టిగా మోగితే మంచిది, డొల్ల చప్పుడైతే అక్కడ సుద్దతో గుర్తు. రెండు పలకలు కింది దాకా చిట్లిపోయాయి. వాటిని కోసి తీయించి, కొత్త కాంక్రీటు పోయించాం. 4500 పి.ఎస్.ఐ. బలం, గాలి కలిపినది అని ముందే రాయించుకున్నాం. బండి వచ్చాక నీళ్లు కలపనివ్వలేదు. పైకి ఊరిన నీరు ఆరేదాకా తాపీ ముట్టనివ్వలేదు. ఆ నీటిని లోపలికి రుద్దితే పైపొర బలహీనపడుతుంది. గీతలు పలక మందంలో నాలుగోవంతు లోతున కోయించాం. దిగిన పలకను మార్చలేదు. దానికి చిన్న రంధ్రాలు చేసి, కిందికి నురుగు ఎక్కించి, జాకీతో లేపినట్టు లేపారు. కొత్తది పోయడం కంటే తక్కువలో తేలింది.

పైపైన పెచ్చులూడిన పలకలకు మాత్రమే పూత. డొల్లంతా చెక్కేసి, ఒత్తిడి నీళ్లతో కడిగి, నూనె మరకలు పోగొట్టాం. నేల తడిగా ఉండాలి, నీరు నిలవకూడదు. గుంతలు ముందు పూడ్చి, తర్వాత వైపర్ లాంటి రబ్బరు కర్రతో పల్చగా లాగి, జారకుండా చీపురుతో గీతలు గీశాం. కదిలే పగుళ్లలో సిమెంటు కాకుండా రబ్బరులా సాగే సీలెంటు నింపాం. రాత్రిళ్లు కూడా 10 డిగ్రీల పైన ఉన్న రోజులే ఎంచుకున్నాం. నెల దాటాక లోపలికి ఇంకే సైలేన్ రకం సీలర్ పట్టించాం. నీటిని రానివ్వదు, లోపలి ఆవిరిని ఆపదు. కొన్నేళ్లకోసారి మళ్లీ పట్టించాల్సిందే.

కాబట్టి అమ్మా, మీ అబ్బాయికి ఇలా చెప్పండి. ముందు సుత్తితో తట్టి చూడమనండి. పైపొర మాత్రమే పోయి, కింద గట్టిగా ఉంటే పూత చాలు. పలకలు కదులుతున్నా, అడుగుదాకా చిట్లినా ఎంత ఖరీదైన పూతయినా నిలవదు, వాటిని మార్చాల్సిందే. నీరెక్కడ చేరుతోందో చూడకుండా రూపాయి ఖర్చు పెట్టొద్దు. ఎండాకాలం దాటనివ్వొద్దు. మొదటి చలికాలం ఉప్పు బదులు ఇసుక. మంచు పడ్డ వెంటనే, గట్టిపడకముందే తోసేస్తే ఉప్పు అవసరమే తగ్గుతుంది. ఎవరైనా ఎరువు చల్లమంటే అస్సలు వినొద్దు. అమ్మోనియం నైట్రేటు, అమ్మోనియం సల్ఫేటు కాంక్రీటును తినేస్తాయి.

మనకు మంచు లేదు కదా, ఈ గోల మనకెందుకు అనుకోకండి. మన వీధి సిమెంటు రోడ్డు ఏడాది తిరక్కుండా దుమ్ము రేగడానికీ పోసేటప్పుడు ఎక్కువ కలిపిన నీళ్లే చాలాసార్లు కారణం. ఆ పూట దగ్గర నిలబడి అడిగేవాళ్లుండాలి.

మా ఆవిడ ఆ జూన్‌లో మనవడి చెయ్యి పట్టుకుని రోజూ సాయంత్రం ఆ వాకిలి దాటి పార్కుకి వెళ్లొచ్చింది. మొన్న జనవరిలో అల్లుడు ఫోన్ చేశాడు. అవీ ఇవీ మాట్లాడాక, చివర్లో చిన్నగా నవ్వి అన్నాడు: 'వాకిట్లో ఇసుకే చల్లాను మావయ్యగారూ.'