శివరాత్రి మరునాడు
మేళ్లచెరువు స్వయంభూ శంభులింగేశ్వరస్వామి సన్నిధిలో మహాశివరాత్రినాడు జాగరణ చేసి దీక్షాసంకల్పం చెప్పుకొనే భక్తులు అనేకులు. వారిలో పలువురికి పక్షం తిరగకముందే ఆ దీక్ష సడలుతుంది. ఇందుకు హేతువేమి? భక్తిలోపమని అనరాదు, అభ్యాసలోపమే.

అభ్యాసం దృఢం కావడానికి పతంజలి మహర్షి యోగసూత్రాలలో మూడు నియమాలు చెప్పాడు: దీర్ఘకాలం, నైరంతర్యం, ఆదరం. ఆ ఉత్సవంలోనే జరిగే ఎడ్ల పందేలు ఇందుకు నిదర్శనం. బండను లాగే బలం రైతు ఏడాదిపాటు ఓర్పుతో పెంచినది. లింగ శిరోభాగాన ఉన్న చిన్న బిలంలో జలం సైతం కొద్దికొద్దిగా నిత్యం ఊరుతూనే ఉంటుంది.

కనుక కఠినవ్రతాన్ని పట్టి విడిచేకంటె ఒక్క స్వల్పనియమాన్ని ఏకాగ్రచిత్తంతో అనుదినం పాటించడం శ్రేయస్కరం. సంకల్పానికి అసలు పరీక్ష మరునాటి బ్రాహ్మీముహూర్తాన మొదలవుతుంది.