ఆ ఒక్క సూది వద్దు

మొన్న పొద్దున కోనరావుపేటలో ఒక మందుల దుకాణం మెట్టు మీద ఒక తల్లి కూర్చుని ఉంది. తలకు తువ్వాల బిగించి కట్టుకుంది. కుడి చెంపను అరచేత్తో ఒత్తుకుంటోంది. "వంగితే మొహమంత బరువైతుంది బిడ్డా. చెవు సుత మూసుకపోయింది. ఒక్క సూది ఏయించుకుంటే మాపటికల్లా బీడీల చాట ముందట కూసుంట" అంది. షుగరుందా అని అడిగితే, "ఉంది. గోలీలు ఒడిసిపోయి నెలైతంది" అంది.

షుగరు గోలీలు లేవు, సూది మాత్రం కావాలి. ఈ రెండూ ఒకే మనిషిలో కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. కోనరావుపేట, సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల వాళ్లందరికీ ఈ మాట ఇవాళే చేరాలి.

చెంప ఎముకల వెనక, కనుబొమల పైన, ముక్కు మొదట్లో గాలి నిండిన గదులుంటాయి. అవే సైనసులు. సర్ది చేస్తే వాటి దారులు వాచి మూసుకుపోతాయి, లోపలి చీమిడి బయటికి రాదు, మొహం బరువెక్కుతుంది. ముక్కు వెనక నుంచి చెవికి పోయే సన్నని గొట్టం మనం గుటక వేసినప్పుడల్లా తెరుచుకుని గాలిని సమం చేస్తుంది. అది వాస్తే చెవి దిబ్బడేస్తుంది. వడ్ల కల్లాల దుమ్ము, సాంచెల కాడి నూగు, తంబాకు పొడి ఈ బాధను ఇంకా పెంచుతాయి. అయినా చాలామందికి ఇది వారం, పది రోజుల్లో తగ్గిపోయే సర్దే. దానికి యాంటీబయాటిక్ కూడా అక్కర్లేదు.

మరి సూదితో హాయి ఎందుకనిపిస్తుంది? చాలాసార్లు అందులో స్టెరాయిడ్ ఉంటుంది. వాపును గబగబా తీసేస్తుంది. అదే సమయంలో షుగరును పైకి ఎగదోస్తుంది, ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తిని అణచేస్తుంది. 2021 కోవిడ్ వేసవిని అప్పుడే మరిచిపోయామా? ఆ మే నెలలో బ్లాక్ ఫంగస్ అనే బూజు జబ్బును తప్పనిసరిగా సర్కారుకు తెలపాల్సిన రోగంగా తెలంగాణ ప్రకటించింది. హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ దవాఖాన ఆ రోగులతో నిండిపోయింది. జూన్ చివరికి దేశంలో 40,845 కేసులు తేలాయి. వారిలో 26,187 మందికి షుగరుంది, 21,523 మంది స్టెరాయిడ్లు వాడినవాళ్లు. ఎందరికో అది సైనసుల్లో మొదలై కంటికి, మెదడుకు పాకింది. కన్ను తీయించుకున్నవాళ్లున్నారు, పైదవడ పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఆ బూజు కోవిడ్‌తో పుట్టింది కాదు, కోవిడ్‌తో పోయిందీ కాదు. మన మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, పెంటకుప్పల్లో ఇప్పటికీ ఉంది. అదుపు తప్పిన షుగరు దానికి తలుపు తీస్తుంది.

అందుకే ఈ గుర్తులు చూడండి. మొహం ఒకవైపే నొప్పి, చెంప మొద్దుబారడం, కన్ను ఉబ్బడం, రెప్ప వాలడం, ఒకటి రెండుగా కనబడడం, ముక్కులోంచి నల్లటి చెక్కు రావడం, పైపళ్లు కదలడం, అంగిలి నల్లబడడం. షుగరున్న మనిషికి వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. ఇప్పుడు జగిత్యాలలో, సిరిసిల్లలో సర్కారు మెడికల్ కాలేజీలున్నాయి, హైదరాబాద్ దాకా ఉరకాల్సిన పనిలేకుండా మొదటి పరీక్ష అక్కడే జరుగుతుంది. షుగరు లేనివారికైనా కన్ను వాచినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా అంతే తొందరపడాలి.

చెవి సంగతి విడిగా చెప్పాలి. కాగిన నూనె పోయకండి, పిన్నీసు పెట్టకండి. సర్ది లేకుండా ఉన్నట్టుండి ఒక చెవి వినబడడం మానేస్తే గుబిలి అనుకుని వారాలు గడపకండి. అది చెవి నరానికి వచ్చిన దెబ్బ కావచ్చు. అక్కడ అదే స్టెరాయిడ్‌ను డాక్టరు పరీక్షించి, లెక్కగా ఇస్తే వినికిడిని నిలబెట్టవచ్చు. ఆలస్యమైన కొద్దీ ఆ అవకాశం జారిపోతుంది.

దుబాయికో మస్కట్‌కో పోయేవాళ్లు మనకు ఊరూరా ఉన్నారు. ముక్కు పూర్తిగా దిబ్బడేసి ఉంటే, వీలైతే ప్రయాణం వాయిదా వేసుకోండి. విమానం కిందికి దిగేటప్పుడు కర్ణభేరి లోపలికి గుంజుకుపోతుంది, ఒక్కోసారి చిరుగుతుంది. దిగే వేళ నిద్రపోవద్దు. గుటకలు మింగండి, ఆవులించండి, ఏదైనా నములుతూ ఉండండి.

ఇంటి ఉపశమనం మన చేతిలోనే ఉంది. చెంప మీద గోరువెచ్చని గుడ్డ కాపడం, తగినన్ని నీళ్లు, నొప్పికి సరైన మోతాదులో పారాసిటమాల్. వావిలాకు ఆవిరి పట్టుకుంటే కాస్త హాయిగా ఉంటుంది కానీ, మరిగే గిన్నె దగ్గరికి పిల్లల్ని రానివ్వద్దు. ముక్కు కడుక్కుంటే కాచి చల్లార్చిన ఉప్పునీళ్లే వాడాలి, బోరు నీళ్లు వద్దు. ముక్కు దిబ్బడకు వేసే చుక్కలు అయిదు రోజులు దాటితే దిబ్బడను అవే పెంచుతాయి. పది రోజుల్లో తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టినా డాక్టరు దగ్గరికి పోవాలి.

గల్ఫ్‌లో ఉన్న కొడుకులారా, ఈ రాత్రి ఫోన్‌లో పైసల సంగతి తర్వాత మాట్లాడండి. ముందు "అమ్మా, షుగరు గోలీలు ఉన్నయా, ఒడిసినయా?" అని అడగండి.