గాయం అక్కడిదేనా?

నల్లకుంట నుంచి తార్నాక దాకా మనం పెట్టుకునే సదస్సుల్లో శరణార్థి పిల్లల మాట వస్తే చాలు, 'ట్రామా' అన్న పదం ముందుకొస్తుంది. బర్మాలో తగలబడిన ఊళ్ళు, కళ్ళముందు జరిగిన చావులు. అవన్నీ నిజాలే. 2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షల మందికి పైగా రొహింగ్యాలు బంగ్లాదేశ్‌కి పారిపోయారు. అయితే ఆ పదం మనకొక వెసులుబాటు కూడా ఇస్తోంది. గాయం అక్కడ తగిలింది, మనం ఇక్కడ కట్టు కడుతున్నాం అని నమ్మిస్తోంది.

ఈ నమ్మకంతోనే నా పేచీ. 2012 నుంచీ రొహింగ్యా కుటుంబాలు పెద్ద సంఖ్యలో హైదరాబాద్ చేరాయి. ఆ తర్వాత బాలాపూర్ బస్తీల్లో పుట్టిన పిల్లలు బర్మాని చూడనే లేదు. అలాంటి పిల్ల అర్ధరాత్రి ఉలిక్కిపడి లేస్తే అది ఏ దేశం చేసిన గాయం?

మనదేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. 2017లో కేంద్ర హోంశాఖ వీళ్ళని గుర్తించి పంపించెయ్యమని రాష్ట్రాలకి రాసింది. 2018 అక్టోబరులో అస్సాం నుంచి ఏడుగురిని పంపేసింది కూడా. 2019 పౌరసత్వ సవరణ చట్టంలో వీళ్ళకి చోటు లేదు. 2021 మార్చిలో జమ్మూలో నూట యాభై మందికి పైగా నిర్బంధించారు. తల్లిదండ్రుల్ని ఎప్పుడు పట్టుకుపోతారో తెలియని పిల్లకి భయం ఒక జబ్బు లక్షణమా? ఉన్న పరిస్థితిని ఉన్నట్టు అర్థం చేసుకోవడమా?

ఆడపిల్ల విషయంలో ఇది ఇంకో మెలిక తిరుగుతుంది. కాగితాల్లేక చదువు ఆగితే, బస్తీలో భద్రత లేకపోతే, రక్షణ పేరుతో ముందుకొచ్చేది పెళ్ళి. డాక్టరు దగ్గరికి వెళితే ఆమె భాషని తర్జుమా చేసేది అన్నో, మొగుడో. వాళ్ళ గురించే చెప్పాల్సిన మాట వాళ్ళ నోటితోనే చెప్పించాలి!

యుద్ధం మిగిల్చిన జ్ఞాపకాలతో పాటు రోజువారీ బతుకు ఒత్తిళ్ళు కూడా మనసుని కుంగదీస్తాయని మిల్లర్, రాస్ముస్సెన్ 2010లోనే వాదించారు. ఆ మాటకొస్తే మనకి పరిశోధకులు చెప్పాలా? నల్లకుంటలో ఒంటరి ఆడదానికి, ముస్లిం పేరున్న అమ్మాయికి అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో మనకి తెలుసు. ఆడవాళ్ళ 'నరాల బలహీనత' వెనక ఇంటి హింసని చూసింది మనమే. 2016లో రోహిత్ వేముల మరణాన్ని వ్యక్తిగత నిస్పృహ అంటే ఒప్పుకోనిదీ మనమే. ఆ చూపు బాలాపూర్ దాకా ఎందుకు వెళ్ళడం లేదు?

'మన పేదలకే దిక్కులేదు' అంటారు కొందరు. పేదల హక్కులకి కోత పెట్టింది ఈ పిల్లలు కాదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం వైద్యం పొందే హక్కు 'ప్రతి వ్యక్తికీ' ఉందంది, పౌరులకే అనలేదు. రొహింగ్యా పిల్లలు ప్రవేశం కోసం ప్రభుత్వ బడులకి వెళ్ళవచ్చని, కాదంటే హైకోర్టుకి వెళ్ళవచ్చని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

కౌన్సెలింగ్ వద్దని కాదు. కానీ రేపు ఉంటామో లేదో తెలియని పిల్లకి ఊపిరి నెమ్మదిగా తీసుకోమని నేర్పి పంపడం వైద్యం అనిపించుకోదు. ప్రభుత్వాసుపత్రుల్లో రొహింగ్యా భాష తెలిసిన స్త్రీలని దుబాసీలుగా పెట్టమని అడుగుదాం. బడి గేటు దగ్గర ఆ తల్లుల పక్కన నిలబడదాం. మన మనస్తత్వశాస్త్ర విభాగాలు ఆ పిల్లల మీద పత్రాలు రాసేముందు, వాళ్ళని తిప్పిపంపిన బడుల మీద, ఆఫీసుల మీద రాయాలి.