పేరు మార్చుకున్న యుద్ధం

2022 మార్చిలో మాస్కో నగరంలోని ఒక స్థానిక మండలి సమావేశంలో పిల్లల చిత్రలేఖన పోటీ గురించి చర్చ వచ్చింది. ఉక్రెయిన్‌లో పిల్లలు చనిపోతున్న వేళ ఇక్కడ పోటీలు ఎలా జరుపుతామని అలెక్సీ గోరినోవ్ అనే సభ్యుడు ప్రశ్నించారు. జరుగుతున్నదాన్ని ఆయన ‘యుద్ధం’ అన్నారు. సైన్యంపై తప్పుడు సమాచారం వ్యాప్తి చేశారన్న అభియోగంపై అదే ఏడాది జులైలో న్యాయస్థానం ఆయనకు ఏడేళ్ల జైలుశిక్ష విధించింది.

రష్యా ప్రభుత్వం దృష్టిలో అది యుద్ధం కాదు, ‘ప్రత్యేక సైనిక చర్య’. యుద్ధాన్ని సమర్థించే వాదన తొలి ఫిరంగి పేలడంతో ముగిసిపోదని ఈ ఉదంతం చెబుతోంది. ఆ వాదన చట్టంగా మారుతుంది, బడిలో పాఠంగా మారుతుంది, చివరకు యుద్ధాన్ని ముగించే దారికే అడ్డుపడుతుంది.

ఆత్మరక్షణ భాష

1945 నాటి ఐక్యరాజ్యసమితి నియమావళి ఒక దేశంపై మరో దేశం బలప్రయోగం చేయడాన్ని నిషేధించింది. సాయుధ దాడికి గురైన దేశానికి మాత్రం 51వ అధికరణం ఆత్మరక్షణ హక్కును మిగిల్చింది. ఫలితంగా, దండెత్తే దేశం సైతం దాడికి గురైన దేశం మాట్లాడే భాషనే మాట్లాడవలసి వస్తోంది.

2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున అధ్యక్షుడు పుతిన్ చేసిన ప్రసంగం ఇందుకు ఉదాహరణ. అంతకు మూడు రోజుల ముందే దొనెట్స్క్, లుహాన్స్క్ ప్రాంతాలను ఆయన స్వతంత్ర రాజ్యాలుగా గుర్తించారు. వాటి అభ్యర్థన మేరకే కదులుతున్నామంటూ 51వ అధికరణాన్ని ఉటంకించారు. నాటో విస్తరణను, దొన్‌బాస్ ప్రజలపై జరుగుతున్నదని తాను చెప్పిన జాతిహననాన్ని కారణాలుగా చూపారు. నిస్సైనికీకరణ, నాజీ భావజాల నిర్మూలన తమ లక్ష్యాలన్నారు. ఉక్రెయిన్ భూభాగాన్ని ఆక్రమించే ఉద్దేశం లేదని కూడా ఆ ప్రసంగంలోనే చెప్పారు.

ఈ వాదనలో ప్రతి మాటా కల్పితం కాదు. 2014 నుంచి 2021 చివరి వరకు తూర్పు ఉక్రెయిన్ ఘర్షణల్లో సుమారు 14 వేల మంది మరణించారని, వారిలో 3,400 మందికి పైగా పౌరులున్నారని ఐరాస అంచనా వేసింది. అయితే పౌర మరణాల్లో అత్యధికం 2014, 2015లోనే సంభవించాయి. జాతిహననం ఆరోపణ అంతర్జాతీయ న్యాయస్థానం ఎదుటకు వచ్చినప్పుడు, దాన్ని ధ్రువపరిచే ఆధారాలు తన ముందు లేవని ధర్మాసనం పేర్కొంది. సైనిక చర్యను తక్షణం నిలిపివేయాలని 2022 మార్చి 16న 13–2 మెజారిటీతో ఆదేశించింది. ఆ 13 మందిలో భారత న్యాయమూర్తి దల్వీర్ భండారీ ఒకరు. రష్యా ఆ ఆదేశాన్ని పాటించలేదు.

చట్టమైన పదం

దాడి మొదలైన రెండు రోజులకే రష్యా ప్రసార నియంత్రణ సంస్థ ‘దాడి’, ‘దండయాత్ర’, ‘యుద్ధ ప్రకటన’ వంటి మాటలు వాడరాదని పత్రికలను హెచ్చరించింది. మార్చి 4న వచ్చిన చట్టం, సైన్యంపై ‘తప్పుడు సమాచారం’ వ్యాప్తికి గరిష్ఠంగా 15 ఏళ్ల శిక్షను నిర్దేశించింది. నోబెల్ శాంతి బహుమతి గ్రహీత దిమిత్రీ మురాతోవ్ సంపాదకత్వంలోని ‘నోవయా గజెతా’ పత్రిక నెల తిరగకుండానే ప్రచురణ నిలిపివేసింది.

పేరు చిన్నదైతే ప్రజలు మోయవలసిన భారమూ చిన్నదిగానే కనిపిస్తుంది. ‘చర్య’ అంటే వృత్తి సైనికులు చూసుకునే పని అన్న భావన కలుగుతుంది. ఆ భావన ఏడు నెలలు కూడా నిలవలేదు. 2022 సెప్టెంబరు 21న మూడు లక్షల మంది రిజర్వు సైనికుల సమీకరణకు ఉత్తర్వు వెలువడింది. లక్షల మంది దేశం విడిచారు. జైళ్ల నుంచి ఖైదీలను, పేద ప్రాంతాల నుంచి భారీ నగదు ప్రోత్సాహకాలతో యువకులను సైనిక శిబిరాలకు చేర్చారు. అదే సెప్టెంబరు నుంచి పాఠశాలల్లో వారానికోసారి దేశభక్తి పాఠం తప్పనిసరి అయింది. సమీకరణ ప్రకటించిన రోజున 5,937 మంది సైనికులు మరణించారని రక్షణ మంత్రి తెలిపారు. ఆ తర్వాత మొత్తం మృతుల సంఖ్యను ప్రభుత్వం వెల్లడించడం మానుకుంది.

ఆ ఏడాది డిసెంబరు 22న పుతిన్ స్వయంగా ‘యుద్ధం’ అన్న మాట పలికారు. 2024 మార్చిలో ఆయన ప్రతినిధి పెస్కోవ్ కూడా తాము యుద్ధ స్థితిలో ఉన్నామన్నారు. వారిపై ఏ అభియోగమూ లేదు. గోరినోవ్‌కు మాత్రం 2024 నవంబరులో మరో కేసులో అదనంగా మూడేళ్ల శిక్ష పడింది.

ఇరుగు పొరుగుల్లో గాయం

ఉక్రెయిన్‌లో 2024 చివరి నాటికి 12 వేలకు పైగా పౌర మరణాలను ఐరాస నిర్ధారించింది. అరవై లక్షల మందికి పైగా విదేశాల్లో శరణార్థులయ్యారు. పిల్లల అక్రమ తరలింపు ఆరోపణపై అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2023 మార్చిలో పుతిన్‌పై అరెస్టు వారంటు జారీ చేసింది. ఆత్మరక్షణ కోసం పోరాడే సమాజమూ మూల్యం చెల్లించక తప్పదు. సైనిక శాసనం కింద ఉక్రెయిన్‌లో ఎన్నికలు వాయిదా పడ్డాయి. సైనిక సమీకరణకు కనీస వయసును 2024లో 27 నుంచి 25 ఏళ్లకు తగ్గించారు. భార్యాబిడ్డలు ఒక దేశంలో, భర్త మరో దేశంలో ఉండే కుటుంబాలు లక్షల్లో ఏర్పడ్డాయి.

దూరాన ఉన్న భారత్‌నూ ఈ యుద్ధం వదలలేదు. 2022 మార్చి 2న ఐరాస సాధారణ సభలో 141 దేశాలు రష్యా చర్యను ఖండించగా, భారత్ సహా 35 దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. ఇది యుద్ధాల యుగం కాదని ఆ సెప్టెంబరులో సమర్‌ఖండ్‌లో ప్రధాని మోదీ పుతిన్‌కు ముఖాముఖి చెప్పారు. ఈ మధ్యలో తెలుగు విద్యార్థులతో సహా వేలాది మంది చదువు మధ్యలో వదిలి స్వదేశం చేరారు. పొద్దుతిరుగుడు నూనె ధర వంటింటిని తాకింది. ఉద్యోగం ఆశతో వెళ్లి రష్యా సైన్యంలో చిక్కుకున్న భారతీయుల్లో హైదరాబాద్ యువకుడొకరు మరణించినట్లు 2024 మార్చిలో భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించింది.

మాటలను తూచే బాధ్యత

పేరుతో యుద్ధ తీవ్రతను తగ్గించి చూపడం ఒక్క రష్యాకే పరిమితం కాదు. 1950లో కొరియా యుద్ధాన్ని అమెరికా ‘పోలీసు చర్య’ అంది. తెలుగు నేలకూ ఆ మాట కొత్త కాదు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది భారత సైన్యమే అయినా, చరిత్రలో అది ‘పోలీసు చర్య’గానే నిలిచింది. ఆ సందర్భం, కారణాలు పూర్తిగా వేరు. అయినా, ఆ తర్వాత జరిగిన హింసపై సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాల పాటు ప్రజలకు అందుబాటులోకి రాలేదు. పోలీసు చర్య అన్నాక ప్రాణనష్టం లెక్క అడగాలన్న ఆలోచనే తక్కువ మందికి వస్తుంది.

లక్ష్యాన్ని అస్పష్టమైన మాటల్లో చెప్పినప్పుడు ముగింపు కూడా అస్పష్టమే అవుతుంది. నిస్సైనికీకరణ ఏ రోజుతో పూర్తయినట్లో, నాజీ భావజాలం ఏ సరిహద్దు దగ్గర అంతమైనట్లో ఎవరూ కొలవలేరు. ఆక్రమణ ఉద్దేశం లేదన్న రష్యా 2022 సెప్టెంబరు 30న నాలుగు ఉక్రెయిన్ ప్రాంతాలను కలుపుకుంటున్నట్లు ప్రకటించి, వాటిని తన రాజ్యాంగంలో చేర్చుకుంది. ఇప్పుడు వాటిలో దేన్ని వదులుకోవాలన్నా ఆ దేశ రాజ్యాంగమే అడ్డు. సమర్థన కోసం పుట్టిన మాట సంధికి సంకెలగా మారడమంటే ఇదే.

యుద్ధ వార్తను రాసేవారు, అనువదించేవారు, చదివేవారు ప్రభుత్వాలు అందించిన పేరును యథాతథంగా స్వీకరించే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవడం అవసరం. ఈ పేరు ఎవరి మరణాన్ని లెక్కలోకి రాకుండా చేస్తోంది? ఈ చర్య ఎప్పుడు ముగిసినట్లో చెప్పగల గీటురాయి ఏదైనా ఉందా? చిత్రలేఖన పోటీ నాడు గోరినోవ్ అడిగింది మొదటి ప్రశ్నే. దానికి ఆయనకు దక్కిన జవాబు జైలు.